గుమ్మడి గింజ గోత్రం

తెలుగువారి ఇళ్లలో గుమ్మడికాయకు జరిగే మర్యాద మరే కాయకూ జరగదు. కొత్త ఇల్లు కట్టుకొంటే గుమ్మం ముందు వేలాడేది గుమ్మడికాయ. దిష్టి తీసి వీధిలో పగలగొట్టేది గుమ్మడికాయ. సినిమా తీసేవారు షూటింగు పూర్తి అయిన రోజున కొట్టేదీ గుమ్మడికాయే. అయితే ఒక చిన్న చిక్కున్నది. ఈ మర్యాదలన్నీ పొందేది ఒక గుమ్మడి, మనం దప్పళంలో వేసుకొని లొట్టలు వేస్తూ తినేది మరొక గుమ్మడి. మొదటిది బూడిద గుమ్మడి, రెండవది తీపి గుమ్మడి. పేరు ఒకటే అయినా రెండూ దూరపు చుట్టాలు మాత్రమే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకొన్నాడే, ఆ అమాయకుడు మోసుకొని పోయింది బూడిద గుమ్మడినే అయి ఉండాలి. తీపి గుమ్మడి మోసినవాడి భుజానికి అంటేందుకు బూడిద ఏదీ?

మన పాత వైద్యులు లేహ్యం చేసిన కూష్మాండం కూడా ఈ బూడిద గుమ్మడే. తీపి గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబసు అటువైపు దారి కనుక్కొన్న తరువాతనే మిరపకాయ వచ్చినట్లు, జామకాయ వచ్చినట్లు, ఇదీ ఓడలెక్కి వచ్చింది. పరాయి దేశపు పిల్ల అయినా మనవాళ్లు దీనిని ఎంత చక్కగా ఇంట్లో కలుపుకొన్నారో చూడండి. కోస్తా జిల్లాలలో సంక్రాంతి గొబ్బెమ్మ నెత్తిన పెట్టేది దీని పువ్వే. మా తెలంగాణలో బతుకమ్మ శిఖరాన నిలిచేదీ దీని పువ్వే. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారడం మొదలైన తరువాత కృష్ణా, గుంటూరు ప్రాంతాల రైతులు వచ్చి మా నిజామాబాదు జిల్లాలో క్యాంపులు కట్టుకొన్నారు. అందువల్ల మా దగ్గర ఒకే తీగ పువ్వు దసరాకు బతుకమ్మ మీదికి, సంక్రాంతికి గొబ్బెమ్మ మీదికి ఎక్కుతుంది.

ఈ వారం నేను మనవి చేయదలచుకొన్నది ఈ తీపి గుమ్మడిని గురించి, అందులోనూ పెద్ద కాయ కాయించడాన్ని గురించి. రోహిణి కార్తె ఎండలు మాడుస్తున్న ఈ రోజులలో తోటపని మాట ఏమిటని మీరు నవ్వవచ్చు. కాని పెద్ద గుమ్మడికాయ భవిష్యత్తు నిర్ణయమయ్యేది ఇప్పుడే. గింజ నేలలో పడక ముందే ఆ సంగతి సగానికి పైగా తేలిపోతుంది. తేల్చేవి రెండు: గుంట, గింజ. తరువాత మనం పోసే నీళ్లు, చల్లే మందులు ఈ రెండింటికి చేసే ఉపచారాలే.

పెద్ద కాయ అంటే ఎంత పెద్దది? లోకంలో దీని పిచ్చి ఉన్నవారి సంగతి కొంచెం వినండి. కెనడా దేశంలో గోడరిచ్ అనే ఊళ్లో విలియం వార్నాక్ అనే ఆయన ఉండేవాడు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు ఆయన పంపిన కాయ 400 పౌన్లు తూగింది. అంటే మన లెక్కలో 181 కిలోలు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ ప్రదర్శనలో ఆయన కాయే 403 పౌన్లు తూగింది. ఆ తూకాన్ని 1976 దాకా ఎవరూ దాటలేకపోయారు. తరువాత అదే కెనడాలో, నోవా స్కోషియా రాష్ట్రంలో హోవర్డ్ డిల్ అనే రైతు బయలుదేరాడు. ఆయన ఏళ్ల తరబడి ఏరి, జత కలిపి, మళ్లీ ఏరి ఒక విత్తనాన్ని తయారుచేశాడు. దాని పేరు అట్లాంటిక్ జయంట్. 1979 నుంచి 1982 వరకు వరుసగా నాలుగేళ్లు ప్రపంచ విజేత ఆయనే. 1981లో ఆయన కాయ తూకం 493 పౌన్ల పైచిలుకు.

ఆ తరువాత వచ్చిన రాక్షసి కాయలన్నీ ఆ విత్తనపు సంతతే. 2012లో రాన్ వాలెస్ అనే అమెరికావాసి కాయ 2,009 పౌన్లు తూగి, పౌన్ల లెక్కన టన్ను గీత దాటిన మొదటి కాయ అయింది. 2023లో ట్రావిస్ గియెంజర్ అనే తోటపని పంతులు 1,247 కిలోల కాయ తెచ్చాడు. నాబోటి పంతులే కదా అని ఆ వార్త చదివి నేను కాస్త గర్వపడ్డాను కూడా. 2025 అక్టోబరులో ఇంగ్లండులోని పాటన్ కవల సోదరులు 1,278 కిలోల కాయతో దానిని మించిపోయారు. మంచి ఊపు మీద ఉన్నప్పుడు ఆ కాయ ఒక్క రోజులో ఇరవై కిలోలు పెరుగుతుందట. మన ఇళ్లలో పెళ్లికి వండే కూరకు సరిపడే బరువు రాత్రికి రాత్రి వచ్చి చేరిందన్నమాట.

నన్ను వీటి తూకాలకంటె ఎక్కువగా ఆకర్షించింది వీరు గింజలకు పెట్టే పేర్లు. ఆ గింజకు ముద్దుపేరు ఉండదు. తల్లికాయ తూకం, పండించినవాడి ఇంటిపేరు, పండిన సంవత్సరం, ఇవి కలిపితే అదే గింజ పేరు. దాని పక్కనే తల్లి ఫలానా, తండ్రి ఫలానా అని రాసి ఉంచుతారు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మన పెద్దలు మూడు తరాలు అడిగినట్లు, గింజ కొనేవాడు దాని అమ్మమ్మ, తాతల దాకా అడుగుతాడు. కాయ పెద్దదయితే చాలు, అందులోని గింజ కూడా గొప్పదే అనుకోవడం వారిలో లేదు. తండ్రి తెలియని గింజకు అక్కడ విలువ తక్కువ. ఈ ఒక్క సంగతి మనం వారి దగ్గర నేర్చుకోవలసి ఉన్నది.

అంతమాత్రాన ఆ గింజనే తెప్పించుకొందాం అనుకోకండి. దానికి రెండు అభ్యంతరాలు. మొదటిది చట్టం. పరదేశపు విత్తనం మన దేశంలోకి రావాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి పత్రం ఉండాలి. ఆ దేశపు అధికారులు తెగుళ్లు లేవని ఇచ్చిన ధ్రువపత్రం వెంట రావాలి. కవరులో పెట్టి పోస్టులో వేయించుకొనే వ్యవహారం కాదది. రెండవది ఎండ. అట్లాంటిక్ జయంట్ చల్లని రాత్రులు కోరుకొనే జాతి. మన ఊళ్లలో తరతరాలుగా కాస్తున్న గుమ్మడి చాలావరకు వేరే జాతి. అది వేడిని ఓర్చుకొంటుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే నిజామాబాదులో చలిదేశపు తీగను పెట్టి బతిమాలుకోవడం కంటె, మన తీగతోనే మంచిగా ఉండడం మేలు.

ఈ రెండు జాతులను గుర్తుపట్టడం కష్టం కాదు. కాయ తొడిమ చూడండి. గుండ్రంగా, బెండులాగా మెత్తగా ఉంటే అది చలిని ఇష్టపడే జాతి. గట్టిగా, అయిదు పలకలుగా ఉండి, కాయను పట్టుకొనే చోట పాదంలాగా విచ్చుకొని ఉంటే అది మన వేడినేలకు తగిన జాతి. దీని ఆకుల మీద తరచుగా తెల్లని మచ్చలు కనిపిస్తవి. కూరగాయల బజారులో కాయ కొనేటప్పుడు ఒకసారి తొడిమ తిప్పి చూడండి. బేరం ఆడే సమయంలో అమ్మేవాడు మిమ్మల్ని గొప్ప తెలిసినవారు అనుకొంటాడు.

మన జాతిలో 20 కిలోల కాయ అంటే అది నిజంగా పెద్ద కాయే. ఇద్దరు పట్టి ఎత్తవలసిన కాయ. పెరటి తోటకు ఆ ఆశయం చాలు.

ఇక గుంట సంగతి. మా జిల్లాలో నేలలు రెండు రకాలు. నిజామాబాదు చుట్టుపక్కల ఎర్ర చెలక ఎక్కువ. బోధన్ వైపు పోతే నల్లరేగడి. చెలకకు నీరు నిలవదు, రేగడికి నీరు వదలదు. అంచేత ఒకే పద్ధతి రెండింటికీ పనికిరాదు.

ముందుగా ఒక పరీక్ష చేయండి. మోకాటి లోతు గుంట తీసి సాయంత్రం నిండా నీళ్లు పోయండి. గంటలోపల ఇంకిపోతే మీది చెలక. తెల్లవారి చూసినా అడుగున నీళ్లు మెరుస్తూ ఉంటే మీది రేగడి, లేదా చెలక కింద గట్టి పొర ఉన్నది. గుమ్మడి వేరుకు నీరు ఎంత ఇష్టమో, నిలవనీరు అంత విరోధం. శ్రావణమాసపు ముసురులో రెండు రోజులు వేళ్లు నానితే తీగ మొదలు కుళ్లిపోతుంది.

చెలక నేల అయితే మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గుంట తీయండి. వ్యవసాయ శాఖవారు మామూలు పంటకు ఒకటిన్నర అడుగుల గుంట చాలంటారు. మనం పెద్ద కాయకు ఆశపడుతున్నాము కనుక కొంచెం పెద్ద గుంట తీస్తున్నాము. పైమట్టి ఒక పక్క, కిందిమట్టి ఒక పక్క పోయాలి. గుంటను పదిహేను రోజులు ఎండనివ్వండి. గుమ్మడి ఆకులను తినే ఎర్ర పెంకుపురుగు పిల్లలు, కాయను కుట్టే పండు ఈగ కోశాలు మట్టిలోనే దాగి ఉంటవి. అవి రోహిణి ఎండకు మాడిపోతవి, మిగిలినవాటిని పిట్టలు ఏరుకొని తింటవి. తరువాత పైమట్టి అడుగుకు పోసి, దానిలో బాగా చివికిన పెంట నాలుగయిదు గంపలు, వేపపిండి ఒక కిలో కలపాలి. చెలకకు చెరువు మట్టి మహా ఉపకారి. 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ట్రాక్టర్ల మీద మట్టిని పొలాలకు తోలుకొన్నది దానికోసమే. రెండు గంపలు దొరికినా మీ గుంటకు అదృష్టమే.

రేగడి అయితే లోతుకు పోవద్దు, ఎత్తుకు రండి. నేలను అడుగు లోతు తవ్వి, ఆ మట్టిలో సగానికి సగం చివికిన ఎరువు కలిపి, నాలుగడుగుల వెడల్పున, అడుగున్నర ఎత్తున గద్దె కట్టండి. చుట్టూ నీరు పోయే కాలువ ఉండాలి. రేగడిని తడి మీద తవ్వకండి. పెళ్లలు ఇటుకలవుతవి. వేసవిలో ఆ నేల జానెడు వెడల్పున పగుళ్లు విచ్చుకొంటుంది. తనను తానే దున్నుకొనే నేల అది, ఆ సమయంలో గడ్డపార వేస్తే సులువుగా విరుగుతుంది.

పచ్చి పెండ మాత్రం ఏ నేలలోనూ వేయవద్దు. దాని వేడికి లేతవేరు మాడుతుంది, వేరుపురుగు చేరుతుంది. యూరియా మీద మోజు కూడా వద్దు. ఆకులు విస్తళ్లంత వస్తవి, తీగ పందిరి దాటిపోతుంది, కాయ మాత్రం కనపడదు. ఇంకొక సంగతి. గుమ్మడి తీగ తాను పాకిన ప్రతి కణుపు దగ్గర వేరు దింపగలదు. ఆ కణుపుల మీద రెండు దోసిళ్ల మట్టి కప్పితే ఒక్క గుంటకు పది గుంటల బలం వస్తుంది. కనుక తీగ పాకబోయే పన్నెండు, పదిహేను అడుగుల జాగాను కూడా ఒకమారు తవ్వి ఎరువు చల్లి ఉంచండి.

ఎరువుల మాట వచ్చింది కనుక బోధన్ మాట చెప్పక తప్పదు. 1923లో మంజీర నది మీద మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ ప్రాజెక్టు ఆ ప్రాంతానికి నీళ్లు ఇచ్చింది. ఆ నీళ్ల మీద చెరకు పెరిగింది. ఆ చెరకు కోసం 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ అని ఊరికి ఊరే లేచింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పొందిన ఫ్యాక్టరీ అది. చెరకురసాన్ని శుద్ధి చేసి వడగట్టగా చివరికి నల్లని మడ్డి మిగులుతుంది. మట్టికి అది పాయసం వంటిది. కొన్ని నెలలు కుప్ప పోసి చివకనిస్తే ఆ ఎరువు ముందు మరొకటి దిగదుడుపే. బండ్ల మీద తెచ్చుకొన్న ఆ మడ్డి పొలాలకే కాక పెరళ్లకూ చేరేది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. పనివారి జీతాలు పోయినవి, రైతుల చెరకు పోయింది. అంత పెద్ద కష్టంలో పెరళ్లకు వచ్చే మడ్డి కూడా ఆగిపోయిన సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఒక అవ్వకు గుర్తున్నది. వెనక నేను బోధన్‌లో పనిచేసిన రోజులలో, ఊరికి దగ్గరి పల్లెలో ఆమె ఇంట్లో అద్దెకు ఉండేవాడిని. ఆమె పెరట్లో దడి మీద ఒక గుమ్మడి తీగ పాకేది. చదునుగా, పెద్ద పెద్ద పలకలతో, గోధుమరంగు పీటలాగా ఉండే కాయ. ఒక ఏడు వడ్లు తూచే కాటా మీద పెడితే 22 కిలోలు తూగింది. ఆ గింజ ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకొన్నది. ఆమె తల్లికి ఎవరిచ్చారో ఆమెకూ తెలియదు. ఈ ఉగాదికి పలకరించి రావాలని వెళ్లినప్పుడు మూలన నాలుగు కాయలు కనిపించినవి. ఒక్కొక్కటి మూడు, నాలుగు కిలోలకు మించవు. రంగు కూడా మారింది.

"మూడు నాలుగేండ్ల సంది కాయ సన్నబడుతున్నది సారూ. గింజ పోయిందో, నేల పోయిందో తెలుస్తలేదు" అన్నది అవ్వ.

చాలా మంచి ప్రశ్న. కళాశాలలో మా విద్యార్థులు కూడా ఇంత సూటిగా అడగరు. ఫ్యాక్టరీ మడ్డి లేదు, ఇంట్లో ఉన్న రెండు బర్రెలనూ అమ్మేశారు, పెంటకుప్ప లేదు. అంటే నేల బలం తగ్గిన మాట నిజం. కాని నేల బలం తగ్గితే కాయ చిన్నదవుతుంది, రంగు, రూపు మారవు. పలకలు పోయి కాయ నున్నగా గుండ్రంగా వచ్చిందంటే గింజలో ఏదో కలిసింది.

ఏమి కలిసింది? చుట్టుపక్కల పెరళ్లలో ఇప్పుడు ప్యాకెట్ విత్తనాల తీగలున్నవి. గుమ్మడికి ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. ఒక దానినుంచి మరొక దానికి పుప్పొడి మోసేది తేనెటీగ. ఆ తేనెటీగకు దడులు లేవు, హద్దురాళ్లు లేవు. కిలోమీటరు దూరం దానికి లెక్క కాదు. పక్కవారి మూడు కిలోల కాయ తీగ పుప్పొడి అవ్వ తీగ ఆడపువ్వు మీద పడింది. ఆ ఏడు కాయలో తేడా ఏమీ కనపడదు, ఎందుకంటే కండ అంతా తల్లిదే. మారేది లోపలి గింజ. ఆ గింజ నాటిన మరుసటి ఏడు గాని అసలు సంగతి బయటపడదు. అప్పటికి తెలిసినా, ఎప్పుడు కలిసిందో, ఎవరి పెరటి నుంచి వచ్చిందో చెప్పగలవారు ఉండరు.

ఈ మాటే అవ్వకు చెప్పాను. కొంచెంసేపు ఊరుకొని, "మేం తల్లినే చూసినం బిడ్డా. తండ్రి మాట ఎవలు చెప్పిండ్రు?" అన్నది.

ఇక్కడ ఒక అపోహ కూడా తీర్చవలసి ఉన్నది. పక్కన బూడిద గుమ్మడి వేస్తే తీపి గుమ్మడి చప్పబడుతుందని, సొర తీగ వేస్తే చెడిపోతుందని కొందరు భయపడతారు. అది ఉత్త మాట. అవి వేరే జాతులు, ఒకదానితో ఒకటి కలవవు. గుమ్మడి గోత్రాన్ని మార్చగలిగేది గుమ్మడే.

ప్యాకెట్ విత్తనాలను నేను తిట్టడం లేదు. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క చందన్ కాయ రెండు, మూడు కిలోలు తూగుతుంది, తియ్యగా ఉంటుంది. ఢిల్లీ వారి పూసా విశ్వాస్ అయిదు కిలోల దాకా వస్తుంది. కోయంబత్తూరు వారి కో-1 ఏడెనిమిది కిలోలు. నలుగురున్న సంసారానికి మూడు కిలోల కాయ చాలు. ఇరవై కిలోల కాయ కోస్తే వీధివీధంతా పంచిపెట్టాలి. పెద్ద కుటుంబాలు చీలి చిన్నవి అయినట్లే కాయలూ చిన్నవి అయినవి. శాస్త్రవేత్తలు అడిగినవారికి అడిగింది ఇచ్చారు. పైన చెప్పిన మూడూ హైబ్రిడ్లు కావు. వేరే పుప్పొడి కలవకుండా చూసుకొంటే వాటి గింజ దాచుకోవచ్చు. హైబ్రిడ్ అని రాసి ఉన్న ప్యాకెట్ అయితే మాత్రం ఆ కాయలోని గింజ దాచి లాభం లేదు. మరుసటి ఏడు తలొక రూపున కాస్తుంది. కనుక కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఆ ఒక్క మాట ఉన్నదా లేదా చూసి కొనండి.

పోతే, అవ్వ ఇంటి కథ అక్కడితో అయిపోలేదు. మా మాటలు విని ఆమె లోపలికి పోయి, వెనక గోడకు కొట్టి ఉన్న ఒక పిడకను ఊడదీసి తెచ్చింది. మన పల్లెలలో ఆడవారికి ఇది పాత అలవాటు. గింజలను పెండలో అద్ది గోడకు కొట్టి ఎండబెడతారు, పురుగు ముట్టదు. ఆ పిడక అయిదేళ్ల కిందటిది, అంటే కాయ సన్నబడక ముందటిది. పగలగొట్టి చూస్తే తొమ్మిది గింజలున్నవి. కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టి, "పెద్ద కాయ అయితే నాకొక ముక్క పంపు, గింజలయితే సగం పంపు" అన్నది.

గుమ్మడి గింజలో ప్రాణం మామూలుగా నాలుగయిదేళ్లు ఉంటుంది. ఇవి ఆ అంచున ఉన్నవి. వచ్చే ఏడుకని కొన్ని దాచుదామంటే దాచిన గింజ ఏటేటా కొంత చచ్చిపోతుంది. అన్నీ ఒకేసారి వేద్దామంటే, ఒక్క రాత్రి పందికొక్కు వస్తే చాలు, ఒక వంశం ముగుస్తుంది. నీళ్లలో వేసి తేలినవి తీసివేసే పరీక్ష ఇటువంటి పాత గింజలకు నమ్మదగినది కాదు. ఎండి తేలికపడిన మంచి గింజ కూడా తేలుతుంది. బాగా ఆలోచించి అయిదింటిని మిరుగం రోజులలో, నాలుగింటిని పదిహేను రోజుల తరువాత ఆరుద్రలో పెట్టాలని నిశ్చయించాను. నేరుగా గుంటలో పెట్టకుండా చివికిన ఎరువు, మట్టి కలిపిన చిన్న సంచులలో, అంగుళం లోతున పెట్టి ఇంట్లో వెచ్చగా ఉండే చోట ఉంచుతాను. రెండాకుల తరువాత మరొక ఆకు విచ్చుకొన్నాక గుంటకు చేర్చవచ్చు. వేరు కదలకుండా సంచి కోసి దించాలి. మీ దగ్గర గింజలు దండిగా ఉంటే ఈ తిప్పలు అక్కరలేదు. గుంటకు నాలుగు గింజలు వేసి, మొలిచాక బలమైన ఒక్క మొక్కను ఉంచి తక్కినవి తీసివేయండి. మొలక రోజులలో ఎర్ర పెంకుపురుగు వస్తుంది. తెల్లవారి మంచు తడి మీద కట్టెల బూడిద చల్లితే చాలావరకు తొలగుతుంది.

ఇప్పుడు పెళ్లి చేసే పని. నాటిన నెల, నెలాపది రోజులకు మొదట మగపువ్వులు వస్తవి. అవి రాలిపోతుంటే కంగారుపడకండి. ఒక వారం వెనకగా ఆడపువ్వు వస్తుంది. దాని మెడ కింద గోలీ అంత కాయ ఉంటుంది, అదే గుర్తు. తెల్లవారి విచ్చబోయే మొగ్గకు ముందురోజు సాయంత్రానికే కొన పసుపుబారుతుంది. ఆ కొనను దారంతో మెత్తగా కట్టివేయండి. అదే తీగ మీదనో, అదే గింజ మొలిచిన పక్క తీగ మీదనో విచ్చబోయే మగమొగ్గలు రెండింటికి కూడా అట్లాగే కట్టండి. పొద్దున ఆరింటికి, తేనెటీగ రాక ముందే, మగపువ్వు తెంపి రేకలు తీసివేసి, లోపలి పుప్పొడి కాడతో ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దండి. మళ్లీ ఆడపువ్వు మూతి కట్టి, కాడకు ఎర్రదారం గుర్తుగా చుట్టండి. తొమ్మిది దాటితే పువ్వు వాడిపోతుంది, ముహూర్తం తప్పినట్లే. ఎర్రదారం ఉన్న కాయలోని గింజకే తల్లీ తండ్రీ తెలుసు. ఆ ఒక్క కాయను, అది మొదలుకు పది అడుగుల దూరాన ఉన్నదయితే మరీ మంచిది, నిలిపి, తక్కిన పిందెలు పిడికెడంత ఉన్నప్పుడే కోసి కూర వండుకోండి. నిలిపిన కాయకు పండు ఈగ కుట్టకుండా కొన్నాళ్లు గుడ్డసంచి తొడగండి, కింద గడ్డి పరవండి.

ఆడపిల్లలు బతుకమ్మకు పువ్వులు అడిగితే కాదనకండి. మగపువ్వులను చూపించండి. ఆడపువ్వు ఒకటికి మగపువ్వులు పదీ ఇరవై పూస్తవి. మిరుగంలో పెట్టిన తీగకు దసరా నాటికి నిలిపిన కాయ ముదిరి ఉంటుంది, పువ్వులు పంచితే నష్టం లేదు.

తొడిమ ఎండి, గోరు దిగనంత తోలు గట్టిపడ్డాక కోయండి. కోసిన వెంటనే పగలగొట్టకండి. మూడు వారాలు నీడన ఉంచితే లోపలి గింజ ఇంకా నిండుతుంది. బలమైన గింజలు ఏరి కడిగి, నీడలో ఆరబెట్టండి. 2001లో వచ్చిన మొక్కల రకాలు, రైతుల హక్కుల చట్టం రైతు తాను పండించిన గింజను దాచుకోవడానికి, నాటుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి హక్కు ఇచ్చింది. కనుక గింజలన్నీ మీ డబ్బాలోనే పెట్టుకోకండి. మూడు ఇళ్లకు పంచండి. ఇచ్చేటప్పుడు కాగితం మీద కాయ తూకం, సంవత్సరం, ఎవరి పెరటిదో రాసి ఇవ్వండి. ఎర్రదారం సంగతి కూడా చెప్పండి.

అవ్వ అడిగిన ప్రశ్నకు సగం జవాబు మా గుంటలో సిద్ధంగా ఉన్నది. చెరకు కోసిన పొలంలో తగలబెట్టబోతున్న ఆకును అడిగి తెచ్చి, బర్రెపెండతో కలిపి ఆరు నెలలు చివకనిచ్చి దానిని నింపాను. అది ఫ్యాక్టరీ మడ్డి కాకపోయినా దానికి చెల్లెలు. నేల పోతే ఒక్క వేసవిలో తిరిగి తెచ్చుకోవచ్చు. తక్కిన సగం జవాబు తొమ్మిది గింజలలో ఉన్నది. మొలిచిన లెక్క మిరుగం దాటాక ఈ పేజీలోనే మనవి చేస్తాను. ఈలోగా మీ ఇంటి వెనక గోడ మీద పాత పిడకలేమైనా ఉన్నవేమో, పొయ్యిలో పెట్టే ముందు ఒకసారి విరిచి చూడండి.